మూడేండ్ల గుత్త, పదేండ్ల గుత్త
(ఆదోని సీమ చరిత్రలో ఒక ఘట్టము)

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో నల్లరేగడి పొలము ఒకరిది, సేద్యము మరియొకరిది అయినచోట తరచు వినబడు మాటలు రెండు కలవు. ఒకటి గుత్త, రెండవది కౌలు. గుత్త మన దక్షిణాది మాటయే. ఎల్ల దాటినచో కన్నడ సోదరులు దానినే గుత్తిగె అందురు. కౌలు మాత్రము అరబ్బీనుండి పారసీకము మీదుగా మన కచ్చేరీలలోనికి వచ్చినది. దాని అసలు అర్థము పలుకు, అనగా ఇచ్చిన మాట. ఇంత సొమ్ము చెల్లించుచు ఇంతకాలము ఈ భూమిని అనుభవింపుమని ఒకరు మరియొకరికి ఇచ్చిన మాట కౌలు; ఆ మాటను కాగితముపై పెట్టినచో అది కౌలునామా.

మాట ఎంతకాలము నిలుచును? గడువు తీరిన మరునాడు ఏమగును? కౌలుదారుడైన ప్రతివానికిని ఈ చింత తప్పదు. పట్టణములలో ఇంటి అద్దె పత్రములను సాధారణముగా 11 నెలలకు వ్రాసికొనుట మన శ్రోతలకు తెలియనిది కాదు. ఏడాదికి మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము విధించుటయే అందులకు ముఖ్య కారణము. ఇంగ్లండులో పద్ధతి వేరు. అచట ఒక్కొక్క ఫ్లాటును 99 ఏండ్లకో, 125 ఏండ్లకో కౌలుగా కొనుట వాడుక. ఏండ్లు తరిగిన కొలదియు ఆ ఇంటి వెలయు తరుగును. అందుచేత 1993లో అచట ఒక చట్టము చేసి, తగిన సొమ్ము చెల్లించిన ఫ్లాటుదారునకు గడువును మరి 90 ఏండ్లు పొడిగించుకొను హక్కు కల్పించినారు.

గడువు పొడిగినచో చాలును, ఇక భయము లేదని మనకు సహజముగా తోచును. కాని రెండు వందల ఏండ్లకు పూర్వము మన ఆదోని సీమలోనే కౌలు గడువును మూడేండ్లనుండి పదేండ్లకు పొడిగించినారు. పిదప శాశ్వతము కూడ చేయుదుమని ఆశ చూపినారు. ఆ పొడిగింపు పొందినవారిలో అనేకులు బాగుపడలేదు సరికదా, ఉన్నది పోగొట్టుకొన్నారు. ఇది ఎట్లు జరిగినదో విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

*

ఆదోని దుర్గము విజయనగర రాజుల కాలమున పేరెన్నిక గన్నది. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధము తరువాత అది బిజాపూరు సుల్తానుల వశమైనది. వారి తరపున ఇచట అధికారము నెరపిన సిద్ది మసూద్ ఖాను కట్టించిన జుమ్మా మసీదు నేటికిని ఊరికి అలంకారముగా నున్నది. 1688లో కోట మొగలాయీల చేతికి పోయినది. మసీదునకు ఫిరంగులు గురిపెట్టిరని విని మసూద్ ఖాను కోటను వదలుకొన్నాడని జనులు చెప్పుకొందురు. తరువాత నిజాము సోదరుడు బసాలత్ జంగు దీనిని జాగీరుగా ఏలినాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి పట్టుకొన్నాడు. మరల అది నిజాముకు చేరినది. తుదకు 1800 అక్టోబరు 12వ తేదీ ఒప్పందముచే నిజాము తుంగభద్రకు దక్షిణమున తనకు గల సీమనంతయు ఇంగ్లీషు కంపెనీకి వదలుకొన్నాడు. ఆదోని సీమయు అందులో చేరినది. ఇట్లు ఇచ్చివేయబడుటచేతనే బళ్ళారి, కడప, అనంతపురము ప్రాంతములకు దత్తమండలము అను పేరు వచ్చినది.

ఈ రాజ్యములు మారుట సేద్యగాని దృష్టితో చూడవలెను. రాజు మారినపుడెల్ల మాటయు మారెడిది. నిన్నటి అధికారి ఇచ్చిన కౌలును నేటి అధికారి మన్నించునని నమ్మకము లేదు. పంట కళ్ళమునకు వచ్చుసరికి వసూలునకు ఎవరు వత్తురో తెలియదు. బావి త్రవ్వవలెనన్నను, గట్టు వేయవలెనన్నను, వచ్చే ఏడు ఈ చేను నాదగునా అను సందేహము ముందు నిలిచెడిది.

ఇట్టి సీమకు 1800లో ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. అప్పటికి దత్తమండలములో 80 మంది పాళెగాండ్రు ఉండిరి. మన్రో తన కాలములో ఎక్కువ భాగము డేరాలలో గడుపుచు ఊరూరు తిరిగినాడు. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టర్లు ఉండగా, వారిలో ఒకరి మకాము ఆదోనిలో ఉండెడిది. 1802లో భూముల కొలత ఆరంభమైనది. గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల చదరము ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరము. కొలిచిన ప్రతి చేనికిని నేల గుణమును బట్టి శిస్తు కట్టినారు. శిస్తు కట్టవలసినవాడు ఊరి పెద్ద కాదు, ఆ చేను దున్ను రైతే అని నిర్ణయించి ఒక్కొక్క రైతునకు పట్టా ఇచ్చినారు. మనము రైతువారీ పద్ధతి అని పిలుచునది ఇదియే.

ఈ పనిలో గొప్ప లోపమొకటి ఉండెను. దానిని మన్రోయే చెప్పినాడు. ఆయన ఉన్న ఏడేండ్లలో దత్తమండలపు భూమిశిస్తు ఏడాదికి సుమారు 4 లక్షల పౌనులనుండి 6 లక్షలకు పెరిగినది. సర్వే ప్రకారము కట్టిన శిస్తు స్థూల ఫలసాయములో నూటికి 45 వంతుల వరకు ఉండెను. ఇంత శిస్తు మోయు భూమిని ఎవరు కొందురు? ఎవరు బాగుచేయుదురు? 1807 ఆగస్టు 15వ తేదీన మన్రో వ్రాసిన నివేదికలో శిస్తును నూటికి 25 చొప్పున తగ్గింపుమనియు, బావుల క్రింది భూములకు ఇంకను తగ్గింపుమనియు కోరినాడు. అట్లయిన సర్కారు వాటా ఫలములో సుమారు మూడవ వంతు అగును, అప్పుడు గాని భూమికి వెల ఏర్పడదు అని ఆయన వాదము. నివేదిక పంపి ఆయన ఇంగ్లండునకు వెడలిపోయినాడు. తగ్గింపును చెన్నపట్నపు ప్రభుత్వము అంగీకరింపలేదు.

*

మన్రో వెడలిన మరుసటి ఏట, 1808లో, దత్తమండలమును బళ్ళారి, కడప జిల్లాలుగ విభజించినారు. ఆదోని బళ్ళారిలో చేరినది. అప్పుడే రెవిన్యూ బోర్డువారు రైతువారీని పక్కకు నెట్టి గ్రామ గుత్తలను ప్రవేశపెట్టినారు. వేలకొలది పట్టాలు, ఏటేట జమాబందీ, ప్రతి రైతు లెక్క చూచుట అను శ్రమ అంతయు ఎందుకు? ఊరునంతటిని ఒకనికి గుత్తకిచ్చినచో ఏడాదికి ఇంత అని సర్కారునకు నికరముగా వచ్చును. ఊరిలో వసూలు సంగతి గుత్తేదారు చూచుకొనును. బోర్డువారి ఆలోచన ఇది. సాధ్యమైనచోట ఊరి రెడ్డికే గుత్త ఇచ్చినారు, ఇతరులును పాడుకొన్నారు. మొదటి గడువు మూడేండ్లు.

వెనుకటి ఏండ్ల వసూళ్ళను చూచి గుత్త మొత్తము కట్టినారు. ఆ వసూళ్ళు మన్రో ఎక్కువని చెప్పిన శిస్తు ప్రకారము జరిగినవే. అనగా ఆయన తగ్గింపుమన్న భారము తగ్గక, అట్లే గుత్తలోనికి ప్రవేశించినది.

మూడేండ్లు తీరగానే బోర్డువారు తాము చేసిన పనిని పరిశీలించుకొన్నారు. మూడేండ్లకు తీసికొన్నవాడు భూమిని బాగుచేయడు, చిక్కినంత పిండుకొని పోవును అని వారికి తోచినది. ఇది నిజమే. బీడు విరిచినవానికి ఫలము చేతికి వచ్చులోపల గడువు తీరిపోవును. కనుక 1811లో గడువును పదేండ్లకు పెంచినారు. లండనులోని డైరెక్టర్లు సమ్మతించినచో ఈ కౌలు శాశ్వతమగునని కూడ మాట ఇచ్చినారు. పైకి చూచిన ఇంతకంటె ఉదారమైన ఏర్పాటు లేదు. మూడు పది అయినది. పది అనంతము కానున్నది.

ఆ రోజులలో ఒక గుత్తేదారు లెక్క ఎట్లుండునో మనమే కట్టి చూతము. ఇది ఉదాహరణకు మేము కల్పించిన లెక్కయే గాని దస్త్రములలోనిది కాదు. వరహా ఆనాటి బంగారు నాణెము. ఒక ఊరి గుత్త ఏడాదికి 1000 వరహాలు అనుకొందము. మంచి ఏట రైతులవద్దనుండి 1100 వరహాలు వచ్చును. గుత్తేదారునకు 100 మిగులును. వాన తప్పిన ఏట 700 మాత్రమే వచ్చినది. 300 చేతినుండి పెట్టవలెను. మూడు మంచి ఏండ్ల లాభమును ఒక చెడ్డ ఏడు మ్రింగివేసినది. మూడేండ్ల గుత్తలో అట్టి చెడ్డ ఏడు ఒకటియు రాకపోవచ్చును, అదృష్టవంతుడు ఒడ్డెక్కును. పదేండ్ల గుత్తలో అది రాక తప్పదు. ఒకటి కాదు, రెండో మూడో వచ్చును. ఆదోని నల్లరేగడి వానను నమ్ముకొన్న నేల. ప్రత్తికైనను జొన్నకైనను అదనులో పదును కావలెను. పదేండ్లు వరుసగా వాన తప్పని కాలము ఈ సీమలో ఎవరు చూచినారు?

అందుచేత గడువు పెరిగిన కొలదియు గుత్తేదారు ప్రమాదమే పెరిగినది. సర్కారు మాత్రము పది ఏండ్లకును ఒకే అంకె వ్రాసికొని నిశ్చింతగా నుండెను. నడుమ గుత్తను వదలుకొందమన్న వీలు లేదు. ఒప్పుకొన్నవాడు గడువు తీరువరకు కట్టుబడవలసినదే. బాకీపడినవారి ఆస్తులు అమ్ముడుపోయినవి. కొందరు చెరసాల పాలైరి. కొందరు ఊరు విడిచిరి. ఇట్లు విరిగిపోయిన గుత్తల ఊళ్ళను సర్కారు మరల అమానీ క్రిందికి, అనగా తన స్వంత వసూలు క్రిందికి, తీసికొనవలసి వచ్చినది. తరతరములుగా ఊరిలో పెద్దరికము నెరపిన కుటుంబములు గుత్తవలన దిగజారుటయే అన్నిటికంటె విచారకరమైన ఫలితము.

గుత్తేదారు క్రింద దున్నుచుండిన రైతు మాట ఏమి? కౌలు ఆతని పేర లేదు. మన్రో కాలమున పట్టాపై తన పేరు చూచుకొన్న రైతు ఇప్పుడు గుత్తేదారు దయపై ఆధారపడినాడు. గుత్తేదారు నష్టపడిన ఏట ఆ నష్టము తన మీదికి ఎంతవరకు దిగునో ఆతనికి తెలియదు. గడువును మూడునుండి పదికి పెంచినపుడు ఈ రైతును ఎవరును అడుగలేదు.

*

ఇంతలో లండనులో గాలి మారినది. పార్లమెంటు సంఘము తూర్పు ఇండియా వ్యవహారములను విచారించి 1812లో ప్రసిద్ధమైన అయిదవ నివేదికను వెలువరించినది. అప్పుడు ఇంగ్లండులో నున్న మన్రో రైతువారీని సమర్థించినాడు. పూర్వము దత్తమండలములో మన్రోకు సహాయకుడై పనిచేసిన విలియం థాకరేయు 1807లోనే అట్టి అభిప్రాయమును నివేదించియుండెను. 1812 చివర డైరెక్టర్లు పదేండ్ల కౌలును శాశ్వతము చేయవలదనియు, రైతువారీని మరల నెలకొల్పవలెననియు ఆజ్ఞాపించినారు. కాని ఓడలపై నెలల తరబడి ప్రయాణించి ఆ ఉత్తరువు చెన్నపట్నము చేరునప్పటికి దత్తమండలములో పదేండ్ల గుత్తలు నడుచుచునే యున్నవి. ఇచ్చిన మాట ఇచ్చినదే గదా! నిలిచిన గుత్తలు గడువు తీరువరకు సాగినవి. విరిగినవి ముందే పోయినవి.

1820లో మన్రో చెన్నపట్నము గవర్నరుగా మరల వచ్చినాడు. అప్పటికి పదేండ్ల గడువు తీరుచున్నది. పదమూడేండ్లకు పూర్వము కలెక్టరుగా తాను కోరినదానిని గవర్నరుగా ఆయనే అమలు జరిపినాడు. శిస్తును నూటికి 25 చొప్పున తగ్గించినారు. బావుల క్రింది తోట భూములకు అంతకంటె ఎక్కువ తగ్గించినారు. రైతు పేరనే మరల పట్టా వచ్చినది. ఏ ఏటికాయేడు తనకు వలసిన పొలము ఉంచుకొనుటకును, మోయలేని పొలము వదలుకొనుటకును రైతునకు స్వేచ్ఛ కల్పించినారు. శిస్తు కట్టినంతకాలము ఆ రైతును తొలగింపరాదు.

ఇచట ఒక విశేషము గమనింపవలెను. ఈ పట్టాలో పదేండ్లు, ఇరువదేండ్లు అను గడువే లేదు. ఏటేట వదలుకొనవచ్చునను పత్రము, పదేండ్లు వదలరాదను పత్రముకంటె గట్టి ఆధారమైనది. మోయదగిన శిస్తు, వదలుకొను స్వేచ్ఛ, దున్నువాని పేరు, ఈ మూడును కలిసినందున గడువును పొడిగింపుమని అడుగవలసిన పనియే తప్పినది.

మన్రో 1827లో దత్తమండలమును మరల చూడవచ్చి, జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించినాడు. పత్తికొండ ఆదోనికి పొరుగు. ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారన్న మాట వినికిలో నున్నది. కృతజ్ఞతకు అది గుర్తు. అయినను చరిత్రను వ్రాయునపుడు రెండవ పక్షమును మరువరాదు. ఏడేండ్లలో శిస్తు ఒకటిన్నర రెట్లు పెంచినవాడును మన్రోయే. తరువాతి కాలమున 30 ఏండ్లకు ఒకమారు శిస్తు రేట్లను మార్చు బందోబస్తులు వచ్చి, పట్టాకు మరల ఒక విధమైన గడువు తగిలించినవి. 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి జిల్లాను ఎంతగా పీడించినదో ముసలివారి నోట తరతరములు వినబడినది. పట్టా ఎంత గట్టిదైనను వానను కురిపింపజాలదు.

*

రైతువారీలో మిగిలిన పెద్ద చిక్కు మరియొకటి కలదు. పట్టాదారు తానే దున్నక మరియొకరికి గుత్తకిచ్చినచో ఆ రెండవవాని పేరు ఏ దస్త్రమునను ఉండదు. 1811 నాటి రైతు నిలిచినచోటనే ఈ కౌలుదారుడు నిలిచినాడు. ఈతని కొరకు 1956లో ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ చట్టము వచ్చినది. కౌలు గడువు ఆరేండ్లకు తక్కువ ఉండరాదని అది విధించినది. 1974లో సవరించి కౌలునకు గడువే లేకుండ చేసినారు. మరల అదే మెట్లు: ఆరేండ్లు, ఆ పిదప శాశ్వతము. ఫలితము? ఒకసారి వ్రాసి యిచ్చినచో భూమి మరల తనకు రాదని భయపడిన పట్టాదారులు వ్రాయుటయే మానుకొన్నారు. నోటి మాటపై, ఏడాదికొక గుత్తగా సేద్యము సాగినది. చట్టములో గడువు పెరిగినది, చేనిలో తరిగినది. వ్రాత లేని కౌలుదారునకు బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారము అందుట కష్టమైనది. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చు చట్టము చేసినారు. 2019లో మరియొక చట్టము భూస్వామి సమ్మతితో 11 నెలల ఒప్పందము వ్రాసికొని, ఆ కార్డుపై అప్పు, పరిహారము పొందు మార్గము చూపినది. ఆరేండ్లతో ఆరంభమై, శాశ్వతమును తాకి, 11 నెలలకు చేరిన ఈ ప్రయాణమును చూచినవారికి 1811 నాటి సంగతి పాత కథగా తోచదు.

పొలము మాట ఇంటికిని వర్తించును. ఎమ్మిగనూరు చిరకాలముగా చేనేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అచట నెలకొల్పిన నేతవారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘము దేశమంతట ప్రసిద్ధి గాంచినది. నేతగానికి ఇల్లు నివాసము మాత్రమే కాదు. గుంట మగ్గము ఇంటి నేలలోనే త్రవ్వియుండును. అద్దె ఇంటిలో మగ్గము పెట్టుకొన్నవాడు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినచో పెట్టెయు మంచమును మోసికొని పోగలడు గాని గుంటను మోసికొని పోలేడు. మరియొక ఇల్లు వెదకి, మరియొక గుంట త్రవ్వి, మగ్గము నిలువబెట్టువరకు ఆతని కూలి పోయినదే. ఇట్టివానికి గడువు పొడిగింపు నిజముగా అవసరము. కాని పొడిగింపు కొరకు మోయలేని అద్దెకు ఒప్పుకొన్నచో ఆనాటి గుత్తేదారు గతియే ఆతనికిని పట్టును.

కనుక ఇంటి పత్రమైనను, పొలము పత్రమైనను చేతికి వచ్చినపుడు ఎన్నేండ్లు అని చూచి ఊరకుండరాదు. చెల్లింపవలసినది చెడ్డ ఏట కూడ చెల్లింపదగినంతయేనా? మోయలేనినాడు మర్యాదగా వదలుకొను వీలు కలదా? అనుభవించువాని పేరే పత్రములో నున్నదా? ఈ మూడును సరిగా నున్నపుడు గడువు పెరుగుట మేలు. ఇవి లేనిచోట గడువు పెరిగినను మేలు కలుగదని ఆదోని సీమ గుత్తేదారుల అనుభవము చెప్పుచున్నది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని తాలూకా, దానిలోని ఎమ్మిగనూరుతో సహా, బళ్ళారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినది. ప్రభుత్వము మారినది, జిల్లా మారినది, కచ్చేరీలో వ్రాయు భాష కూడ కొంత మారినది. పట్టా మాత్రము చెల్లినది. పట్టాదారు మరునాడును తన చేనికే పోయినాడు. కోట చేతులు మారినపుడెల్ల మాట మారిన కాలముతో పోల్చి చూచినచో ఇది చిన్న సంగతి కాదు. పట్టా లేక, పట్టాదారుని మాటను మాత్రమే నమ్ముకొని ప్రక్క చేను దున్నుచున్నవాడు కూడ అంత ధైర్యముతో మరునాటి ఉదయమున పొలమునకు పోగల రోజు రావలసియున్నది.